పుష్పావతిగారి మీటరు

ఒంటిపూట బడులు మొదలైన దగ్గర్నుంచి ఆ ఇంట్లో పనులన్నీ గంట ముందుకి జరిగాయి. ఆరున్నరకి గేటు దాటితేగాని రేవతి తన బడిలో ప్రార్థన వేళకి అందుకోలేదు. ఆమె లెక్కలు చెప్పే హైస్కూలు బాపులపాడు అవతల ఉంది. నూజివీడు నుంచి పాతిక కిలోమీటర్ల పైమాటే. ఆ రోజు కూడా ఆమె పప్పులో తాలింపు పెడుతుండగానే, మామగారు సుబ్రహ్మణ్యం వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని టిఫిన్ డబ్బా తుడిచి, చెంచా రుమాల్లో చుట్టి సిద్ధంగా పెట్టారు.

"ఇవన్నీ నేను చేసుకుంటాను కదండీ మామయ్యగారూ."

"చేసుకుంటావు. మూత మాత్రం సరిగ్గా బిగించవు. మొన్న పిల్లల పరీక్ష పేపర్ల మీద మజ్జిగ పోసుకున్నది ఎవరు?"

రేవతి నవ్వింది. మూత బిగియకపోవడంలో తప్పు ఆమెది కాదు, ఆమె కుడి మణికట్టుది. పోయిన వర్షాకాలం ఎదురుగా వస్తున్న లారీకి దారివ్వబోయి స్కూటరు మీంచి పడింది. ఎముక విరిగి ఆరు వారాలు కట్టుతో ఉంది. ఎడమచేత్తో తినలేక ఆమె అవస్థపడుతుంటే, అన్నం కలిపి చిన్న చిన్న ముద్దలు చేసి కంచంలో పేర్చి ఇచ్చింది ఆయనే. డెబ్బై దాటిన మనిషి, జీవితమంతా మామిడికాయల వ్యాపారం చేసినాయన, ఏ మొహమాటమూ లేకుండా ఆ పని చేశారు. ఇప్పటికీ ఆమె బడికి చేరి ఫోన్ చేసేదాకా గేటు దగ్గరే నిలబడి ఉంటారు. "ఇంక ఆ స్కూటరు వద్దురా, చిన్న కారేదైనా చూడు" అని కొడుకు హర్షకి మొదట చెప్పింది కూడా ఆయనే.

హర్ష నాలుగు చోట్ల విచారించి, రోజూ యాభై కిలోమీటర్లు తిరగడానికి కరెంటు కారే మేలని తేల్చాడు. విజయవాడలో బుక్ చేశాడు. ఇంకో రెండు వారాల్లో ఇస్తామన్నారు. ఈలోగా ఇంట్లో చార్జింగ్ పాయింటు పెట్టించాలి.

అందుకే ఆ పొద్దున్న, ఎండెక్కకముందే చూసిపోదామని ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు వీరభద్రరావు వచ్చాడు. వసారాలో గోడకున్న పాత చెక్క బోర్డు తెరిచి, ఫ్యూజులు చూసి, మీటరు చూసి, నిట్టూర్చాడు.

"ఇది కుదరదండీ హర్షగారూ. రెండు కిలోవాట్ల సర్వీసు. మీ బండి చార్జరు ఒక్కటే ఏడు లాగుద్ది. లోడు పెంచమని దరఖాస్తు పెట్టాలి."

"పెట్టేయండి మరి."

"సర్వీసు ఎవరి పేరు మీదుంది? పాత బిల్లేదైనా ఉందా?"

హర్ష ఫోన్లో బిల్లు తీసి చూపించాడు. రెండేళ్ళ నుంచీ నెలనెలా తనే కడుతున్నాడు గాని, పైన ఏ పేరుందో ఎప్పుడూ చూసినవాడు కాదు. వీరభద్రరావు కళ్ళజోడు పైకి జరిపి చదివాడు. "పుష్పావతి. అంటే..."

"మా అమ్మ."

"ఆవిడ..."

"పోయి ఐదేళ్ళయిందండీ."

వీరభద్రరావు గొంతు తగ్గించాడు. "అయితే ముందు పేరు మార్చాలండీ. లేని మనిషి పేరు మీద లోడు పెంచరు. పెద్దాయన సంతకం, మీది, మీ అక్కగారిది కావాలి. డెత్ సర్టిఫికెట్ జిరాక్సు ఒకటి. పది రోజుల్లో అయిపోద్ది. లేదంటే బండికి విడిగా కొత్త సర్వీసు తీసుకోవచ్చు గాని, దానికి వాళ్ళొచ్చి చూడాలి, స్తంభం నుంచి వేరే వైరు లాగాలి. నెల పైనే పట్టుద్ది."

"నెలరోజులెందుకు, పేరే మార్చేద్దాం. ఏం నాన్నా?"

గుమ్మంలో టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని నిలబడ్డ సుబ్రహ్మణ్యం "చూద్దాంలే" అన్నారు. డబ్బా రేవతి సంచిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు ఆమె స్కూటరు తీస్తున్నప్పుడు ఆయన గేటు దగ్గరికి రాలేదు. రేవతి దాన్ని అప్పుడంతగా పట్టించుకోలేదు.

వీరభద్రరావు మర్నాడే కాగితాలు తెచ్చిచ్చాడు. హర్ష తన సంతకం పెట్టి, నాన్న సంతకం పెట్టవలసిన చోట పెన్సిలుతో గుర్తు పెట్టి, ఆయన మంచం పక్కనున్న బల్ల మీద పెట్టాడు. రెండు రోజుల తర్వాత అడిగితే, కళ్ళజోడు కనపడలేదన్నారు. మూడో రోజు కళ్ళజోడు కనపడింది గాని, కరెంటు బళ్ళు అక్కడక్కడా తగలబడుతున్నాయని పేపర్లో చదివానన్నారు. హర్ష ఓపిగ్గా కూర్చుని అరగంట సేపు వివరించాడు. ఆయన అంతా విని తలూపారు. ఆ మర్నాడు, వసారా గోడ పాతది, డ్రిల్లు పెడితే పెళ్ళలు ఊడతాయన్నారు. ఆ తర్వాత, కాయ దిగే రోజులు కదా, ఈ హడావిడి తగ్గాక చూద్దామన్నారు.

"కాయ దిగేది తోటల్లోనూ, మండీలోనూ. సంతకం పెట్టడానికి ఈయనకేం హడావిడి?" అన్నాడు హర్ష, పడగ్గదిలో చొక్కా మార్చుకుంటూ. తండ్రి వ్యాపారం ఇప్పుడు చూసుకునేది అతనే. సీజను మొదలైతే అతనికి తిండికీ నిద్రకీ వేళంటూ ఉండదు. రెడ్డిగూడెం తోటలకొకసారి, మండీకొకసారి తిరిగి, ఇంటికొచ్చేసరికి మనిషి వాడిపోయి ఉంటాడు.

"పెద్దాయన. కొత్త వస్తువంటే భయం ఉంటుంది కదండీ."

"ఆయనకి భయమా? స్మార్ట్ ఫోన్ వచ్చిన మొదటి నెలలోనే కొన్నాడు. నన్నడిగితే ఇది భయం కాదు."

ఆ మాటతో రేవతికి మనసులో ఒక ముల్లు కదలడం మొదలైంది. ఆయనకి తన మీద ఏదైనా మనస్తాపమా? కోడలికి కారేమిటని ఎవరైనా ఏమైనా అన్నారా? పోనీ, వద్దనుకుంటే ఆ మాట నోటితో అనరు, ఆయన స్వభావం అది. టిఫిన్ డబ్బా మాత్రం రోజూ సర్దుతూనే ఉన్నారు. ఆమె కళ్ళలోకి మాత్రం చూడటం లేదు.

ఆదివారం హర్ష అక్క అక్షయ ఏలూరు నుంచి వచ్చింది. నెలకోసారి వచ్చి తండ్రిని చూసి పోవడం ఆమెకి అలవాటు. వస్తూ వస్తూ తండ్రికిష్టమని సున్నుండలు చేసి తెచ్చింది. రేవతి మామిడికాయ పప్పు చేసింది. గుత్తొంకాయ, చారు, అప్పడాలు. ముగ్గురూ భోజనాలకి కూర్చున్నారు, రేవతి వడ్డిస్తోంది. అక్షయ పిల్లల పరీక్షల గురించి చెబుతోంది. ఆమెని నవ్వుతూ ఉన్నప్పుడే పట్టుకుందామనుకున్నాడేమో, హర్ష ఎడమచేత్తో కాగితాలు తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

"తిన్నాక ఇందులో ఒక సంతకం పెట్టక్కా. కారు చార్జింగు కోసం."

అక్షయ ఒక అప్పడం ముక్క నోట్లో వేసుకుని కాగితం వంక తల తిప్పింది. చదువుతూ చదువుతూ నమలడం ఆపేసింది.

"మరణించిన వినియోగదారు పేరు తొలగించి... ఏంట్రా ఇది?"

"మీటరు అమ్మ పేరు మీద ఉంది. లోడు పెంచాలంటే పేరు మారాలట."

"అమ్మ పేరు తీసేస్తారా?"

"కరెంటు బిల్లులో అక్కా. ఇంకెక్కడా కాదు."

"ఎక్కడైతేనేం? అమ్మ చీరలు పంచేశాం. ఆవిడ మంచం మేడమీదికెక్కించేశారు. ఆవిడ కుట్టు మిషను ఎవరికిచ్చారో కూడా నాకు తెలీదు. ఇప్పుడు ఇది." అక్షయ చూపు తమ్ముణ్ణి దాటి, చారు గిన్నె పట్టుకుని నిలబడ్డ రేవతి మీదికి వెళ్ళింది. "నీకు తెలీదులే రేవతీ. నువ్వావిణ్ణి చూడనైనా చూడలేదు. నీకు కారు కావాలి, అంతే."

రేవతి గిన్నె బల్ల మీద పెట్టింది. నిజమే, తను ఆవిణ్ణి చూడలేదు. మూడేళ్ళ కిందట ఈ ఇంట్లో అడుగుపెట్టేనాటికే ఆవిడ హాల్లో పటంలో ఉన్నారు. ఆవిడ పోపుల పెట్టెలోనే తాలింపు గింజలు తీస్తుంది, ఆవిడ రోట్లోనే పచ్చడి నూరుతుంది. ఆవిడ గొంతెలా ఉండేదో మాత్రం తెలీదు. అడుగుదామని ఎన్నోసార్లు అనుకుంది. ఈ ఇంట్లో ఎవరూ ఆవిడ మాటెత్తరు. ఎత్తకూడని మాటేమోనని తనూ ఊరుకుంది.

"మాట జారకక్కా," అన్నాడు హర్ష. "తనేం చేసింది మధ్యలో? తనకి చెయ్యి విరిగింది, అది చూశావుగా?"

"నేనేం కాదనలేదు. కారు కొనుక్కోండి. పది కొనుక్కోండి."

"పేరు మారకపోతే కారు తెచ్చి ఏం చెయ్యను, పూజ గదిలో పెట్టుకోనా?" ఆ కోపం ఎటుపోవాలో తెలియక తండ్రి మీదికి తిరిగింది. "నాన్నా, మీకూ ఒక మాట చెబుతున్నా. పన్నెండు రోజులైంది ఆ కాగితం మీ బల్ల మీద పెట్టి. కారు కొనమన్నదీ మీరే, ఇప్పుడు ఆపుతున్నదీ మీరే. ఒకరోజు కళ్ళజోడంటారు, ఒకరోజు గోడంటారు. ఇష్టం లేకపోతే లేదని చెప్పండి, రేపే కాన్సిల్ చేస్తాను. రేవతి మీద కోపమా మీకు? అదైనా చెప్పండి."

సుబ్రహ్మణ్యం కంచంలో చెయ్యి అలాగే ఉంది. పప్పన్నం వేళ్ళకి ఆరిపోతోంది. ఆయన కాసేపు ఆ చెయ్యి వంకే చూసుకున్నారు. తర్వాత లేచి వెళ్ళి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నారు.

"రేవతమ్మా, నువ్వు కూడా కూర్చో," అన్నారు. ఆమె కూర్చున్నదాకా ఆగారు. "అక్షయా, ఆ పిల్లనేమీ అనకు. తన తప్పేం లేదు. హర్షా, నీదీ లేదు. నాదే. నాకు సంతకం పెట్టడానికి చెయ్యి రావట్లేదు."

హర్ష కంచం పక్కకి జరిపాడు.

"మీ అమ్మ పోయాక పదకొండో రోజు అయింది. పన్నెండో రోజు నుంచి నేను ఆఫీసులు తిరిగాను. నీకు గుర్తుందో లేదో హర్షా, నువ్వొస్తానంటే వద్దన్నాను. ముందు రేషన్ కార్డు. అక్కడి అమ్మాయి మీట నొక్కి, తీసేశానండి అంది. తర్వాత బ్యాంకు. జాయింటు అకౌంటు కదా, ఆవిడ పేరు కొట్టేసి కొత్త పుస్తకమిచ్చారు. గ్యాసు. ఆరోగ్యశ్రీ కార్డు. ఓట్ల జాబితా పట్టుకుని ఒకాయన ఇంటికే వచ్చాడు, ఈ పేరు తీసేయమంటారా అని. తీసేయండి అన్నాను. అన్నిచోట్లా, చనిపోయింది అని నా చేత్తో నేనే రాసిచ్చాను. సంతకం పెట్టాను. ఐదు చోట్లు. ఎక్కడా చెయ్యి వణకలేదు."

ఆయన తువ్వాలు మడతపెట్టి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఈ కరెంటాఫీసు ఒక్కచోటికీ వెళ్ళలేదు. మర్చిపోయానని మీరనుకోవచ్చు. మర్చిపోలేదు. ఈ ఇల్లు కట్టిన ఏడు నేను నాగపూరు మార్కెట్టుకి కాయతో వెళ్ళాను. నలభై రోజులు అక్కడే. గృహప్రవేశం అయింది గాని ఇంటికి కరెంటు లేదు. ఈ వీధికి అప్పుడు స్తంభమే లేదు. నేనొచ్చాక చూద్దాంలే అని చెప్పి వెళ్ళాను. మీ అమ్మ ఊరుకుందా? రెండేళ్ళ అక్షయని చంకనేసుకుని కరెంటాఫీసుకి తిరిగింది. మీ ఆయన్ని పంపించమ్మా అన్నారట. ఆయన నాగపూర్లో ఉన్నాడు, కరెంటు కావలసింది ఇక్కడ అందట. తొమ్మిదిసార్లు తిరిగింది. దరఖాస్తులో తన పేరే రాసి తనే సంతకం పెట్టింది. నేను రైలు దిగి, హనుమాన్ జంక్షన్లో బస్సు పట్టుకుని, చీకటి పడ్డాక వీధి మొదట్లో దిగితే, చివరింట్లో లైటు వెలుగుతోంది. మనిల్లు కాదనుకుని దాటి వెళ్ళిపోయాను. వెనక నుంచి పిలిచింది, ఎక్కడికండీ అని."

అక్షయ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ కథ ఆమెకి కూడా తెలీదు.

"నువ్వు ఫోన్లో బిల్లు కడతావు హర్షా. మంచిదే. కాని నెలకోసారి ఒక మనిషి మీటరు చూడ్డానికి వస్తాడు. మిషన్లోంచి కాగితం చింపి నా చేతికిస్తాడు. దాని మీద పుష్పావతి అని ఉంటుంది. ఆ కాగితం సాయంత్రం దాకా జేబులో పెట్టుకుంటాను. తర్వాత పారేస్తాను, దాచను కూడా. అంతే. లోకంలో ఇంకెక్కడా ఎవరూ ఆవిడ పేరు రాయట్లేదు కదా అని."

"నాతో ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా నాన్నా," అన్నాడు హర్ష.

"ఎలా చెప్పనురా? మీరు అమ్మ మాటెత్తితే నేను బాధపడతానని మీరెత్తరు. నేనెత్తితే మీరు బాధపడతారని నేనెత్తను. ఐదేళ్ళు ఇలాగే గడిచిపోయింది. ఇప్పుడేమని మొదలుపెట్టను, కరెంటు బిల్లుతోనా?"

హర్ష లేచి వచ్చి తండ్రి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆయన మోకాలి మీద తల ఆనించాడు. ముప్పై ఐదేళ్ళ మనిషి, పొద్దున మండీలో లారీలు లోడ్ చేయించి వచ్చిన మనిషి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అక్షయ కళ్ళు తుడుచుకోవడం మానేసింది. సుబ్రహ్మణ్యం మాత్రం ఏడవలేదు. చాలాకాలం మోసిన బరువు దించుకున్నవాడిలా, కొడుకు తల మీద చెయ్యి వేసి కూర్చున్నారు.

కొంతసేపటికి ఆయనే అన్నారు. "సరే. చెప్పేశాను, తేలికైంది. కాగితం కాగితమే. పెన్నివ్వమ్మా రేవతీ, సంతకం పెడతాను. నువ్వు మళ్ళీ ఆ స్కూటరెక్కితే నాకు నిద్ర పట్టదు."

రేవతి లేచింది. పెన్ను తేలేదు. బల్ల మీదున్న కాగితాలు తీసి నాలుగు మడతలు పెట్టి, గుప్పిట్లో పట్టుకుంది.

"ఇవి వద్దండీ మామయ్యగారూ. వీరభద్రరావుగారు వేరే సర్వీసు సంగతి కూడా చెప్పారు కదా. బండికి విడిగా అదే తీసుకుందాం. అత్తయ్యగారి మీటరు జోలికి మనం వెళ్ళొద్దు."

"నెల పైనే పడుతుందన్నాడు."

"పట్టనివ్వండి."

"ఈ నెలంతా ఎలా వెళతావు? ఇటివ్వు ఆ కాగితం."

"ఇవ్వను."

ఆయన చెయ్యి చాచారు. ఆమె చెయ్యి వెనక్కి పెట్టుకుంది. పెళ్ళయి వచ్చాక ఆమె మామగారికి ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆయన ఆమె మొహంలోకి చూశారు. పన్నెండు రోజుల తర్వాత చూశారు.

"నేను దింపుతాను నాన్నా," అన్నాడు హర్ష నేల మీంచి. "పొద్దున్నే బైకు మీద నేనే దింపి వస్తాను. మండీకి గంట ఆలస్యంగా వెళితే కొంపలేం మునగవు."

ఆ సాయంత్రం బయల్దేరే ముందు అక్షయ వంటింట్లోకి వచ్చింది. రేవతి గిన్నెలు సర్దుతోంది. అక్షయ కాసేపు పోపుల పెట్టె మూత తీసి చూసింది, పెట్టింది.

"మెంతులు ఎడమ వైపు పెట్టేది అమ్మ. నువ్వూ ఎడమవైపే పెట్టావు."

"నేను వచ్చేసరికి అలాగే ఉన్నాయి వదినా. మార్చలేదు."

అక్షయ ఆమె చెయ్యి పట్టుకుంది. కుడిచెయ్యి, మణికట్టు దగ్గర మెల్లగా. "ఆ మాట అనకుండా ఉండాల్సింది రేవతీ. నాకు ఆవిణ్ణి ఎక్కడ వెతుక్కోవాలో తెలీక నీ మీద పడ్డాను."

"నేను చూడలేదన్నది నిజమే కదా వదినా. మీరు చెబితే తెలుసుకుంటాను."

"చెబుతాను. వచ్చే నెల వచ్చి రెండు రోజులుంటాను," అంది అక్షయ.

సోమవారం రేవతి బడి నుంచి వచ్చేసరికి మామగారు ఇంట్లో లేరు. ఎండ మండిపోతోంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండింటికి చెమటతో తడిసిన చొక్కాతో, చేతిలో గొడుగుతో, వెనక వీరభద్రరావుతో గేటు తీసుకుని వచ్చారు.

"కరెంటాఫీసుకి వెళ్ళాం," అన్నారు, మంచినీళ్ళు తాగి. "కొత్త సర్వీసుకి దరఖాస్తు. ఇక్కడ సంతకం చెయ్యి. ఆధార్ జిరాక్సూ, ఫొటో ఒకటీ ఇవ్వు."

రేవతి కాగితం అందుకుంది. దరఖాస్తుదారు అన్నచోట ఆయన గుండ్రటి అక్షరాలతో తన పేరు రాసి ఉంది.

"నా పేరేంటండీ? ఇల్లు మీది. మీ పేరు మీదో, ఆయన పేరు మీదో రాయాలి గాని."

"వాళ్ళూ అదే అడిగారు," అన్నాడు వీరభద్రరావు నవ్వుతూ. "ఇంటి యజమాని మీరు కదా అని. పెద్దాయన ఒప్పుకుంటేనా? నా అంగీకారం రాసిస్తాను, కోడలి పేరే రాయండన్నారు."

"బండి నడిపేది నువ్వు," అన్నారు సుబ్రహ్మణ్యం. "పైగా ఈ ఇంటికి కరెంటు తెచ్చింది ఆడవాళ్ళే. మధ్యలో మా పేర్లెందుకు?"

రేవతి సంతకం పెట్టబోతే అక్షరాలు మసకగా కనిపించాయి. కొంగుతో కళ్ళొత్తుకుని పెట్టింది. పుట్టింట్లోనూ, అత్తింట్లోనూ తన పేరు మీద ఒక వస్తువు ఇంటి గోడకి ఎక్కడం ఆమె ఎరగదు.

నెల పట్టలేదు. మూడు వారాలకే స్తంభం నుంచి కొత్త వైరు వచ్చింది. కారు అప్పటికే వచ్చి, విజయవాడలో నింపుకొచ్చిన చార్జింగు అయిపోతుందని, గుమ్మం ముందు కదలకుండా నిలబడి ఉంది. వీరభద్రరావు మనుషులు కొట్టం పక్కన ఎర్తు కోసం నడుంలోతు గుంట తవ్వి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, రాగి కడ్డీ దించారు. వేసవిలో ఆ గుంట ఎండిపోకుండా రెండు రోజులకోసారి బకెట్టు నీళ్ళు పొయ్యాలని చెప్పారు. ఆ పని నాదన్నారు సుబ్రహ్మణ్యం. గోడకి తెల్లటి పెట్టె బిగించారు. రేవతి పేరున్న మీటరు దాని పక్కన. హర్ష గొట్టంలాంటి వైరు తీసి కారుకి తగిలించాడు. చిన్న ఆకుపచ్చ లైటు వెలిగింది.

సుబ్రహ్మణ్యం వంగి చెవి పెట్టి విన్నారు. "ఎక్కుతోందంటావా? చప్పుడేం లేదే."

"చప్పుడుండదు నాన్నా."

"అన్నం తిన్నా ఇంతకంటే చప్పుడవుతుంది," అన్నారాయన. ముగ్గురూ నవ్వారు.

మర్నాడు పొద్దున్న రేవతి కారు తీయబోతుంటే, ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ముందు సీట్లో వచ్చి కూర్చున్నారు. హనుమాన్ జంక్షన్లో తెలిసినాయన ఒకర్ని కలవాలట, అక్కడ దింపేస్తే బస్సులో తిరిగొస్తారట. ఆ తెలిసినాయన ఎవరో రేవతి అడగలేదు. ఆమె కారు అంతదూరం నడపడం ఇదే మొదటిసారి. అది ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు.

ఊరు దాటాక రోడ్డుకి రెండు వైపులా తోటలు. పొద్దున్నే చెట్లెక్కి గడలకి కట్టిన చిక్కాలతో కాయ కోస్తున్నారు. కింద ఆడవాళ్ళు గోనె పట్టాల మీద పోగులు పెడుతున్నారు. కారు గాలిలో తేలినంత మెత్తగా వెళుతోంది.

"మామయ్యగారూ," అంది రేవతి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "అత్తయ్యగారి గొంతెలా ఉండేదండీ?"

ఆమె అడగకూడనిది అడిగానేమో అనుకునేలోపు, ఆయన నవ్వడం వినిపించింది.

"గొంతా? వీధి చివరికి వినపడేది. లారీ డ్రైవర్లు నాకు భయపడేవాళ్ళు కాదు, ఆవిడకి భయపడేవాళ్ళు. ఇంకో సంగతి చెప్పనా, ఎవరికీ చెప్పకు. మామిడిపండ్ల వ్యాపారి పెళ్ళానికి మామిడిపండంటే పడేది కాదు. వాసన చూస్తేనే మొహం చిట్లించేది. పెళ్ళైన కొత్తలో నా దగ్గర దాచింది. రసాలు తెచ్చి ఇస్తే, అబ్బ ఎంత బాగున్నాయో అని, పెరట్లో ఆవుకి పెట్టొచ్చేది. నాకు రెండేళ్ళకి గాని తెలీలేదు."

రేవతి పకపకా నవ్వింది. ఆయనది మామూలుగానే మెత్తటి గొంతు. స్కూటరు మీదైతే గాలికి సగం మాటలు పోయేవి, బస్సులో అయితే అసలు వినపడేవే కావు. ఈ కారులో ఇంజను రొద లేదు. ఆయన ఎంత మెల్లగా మాట్లాడినా ప్రతి మాటా వినిపిస్తోంది. మాటల మధ్య ఆయన ఆగడం కూడా వినిపిస్తోంది. ఆయన చెబుతూనే ఉన్నారు. పుష్పావతి కుట్టు మిషను తొక్కుతూ పాడేదని, ఒక్క పాటా పూర్తిగా రాదని, సగం నుంచి తన సొంత మాటలు కలిపేదని. హర్ష పుట్టినప్పుడు పురిటి గదిలో ఫ్యాను లేదని ఆస్పత్రి వాళ్ళతో పోట్లాడిందని. చివరి రోజుల్లో జ్వరంలో కూడా, మీకు మాత్ర వేసుకోవడం గుర్తుందా అని తననే అడిగిందని. ఆ మాట దగ్గర ఆయన కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. రేవతి కారు కాస్త నెమ్మది చేసింది.

జంక్షన్ వచ్చింది. లారీల హారన్లు, టీ బళ్ళ దగ్గర జనం. ఆమె బస్టాపుకి ఇవతల పక్కకి ఆపింది.

ఆయన తలుపు తీయలేదు. సీటు బెల్టు మీద చెయ్యి పెట్టి, తీయకుండానే కూర్చున్నారు.

"మీ పనుందన్నారు కదండీ?"

"ఉంది గాని, రేపైనా ఫర్వాలేదు. ఆవిడ ఒకసారి మీ బాపులపాడులో ఒక పెళ్ళికెళ్ళి పెళ్ళికొడుకు బావగారితో పోట్లాట పెట్టుకుంది, అది నీకు చెప్పలేదు కదూ? బడి దాకా పోనీ, చెబుతాను."

రేవతి అద్దంలో వెనకెవరూ రావడం లేదని చూసుకుని, కారు మెల్లగా రోడ్డెక్కించింది. ఆ పొద్దున్న బడిలో ప్రార్థన అయిపోయాక ఆమె గేటు దగ్గరికి చేరింది. చేరిన తర్వాత కూడా, ఆ పెళ్ళి కథ పూర్తయ్యేదాకా కారు దిగలేదు.